పరికరం ఇచ్చాము, మరి బిడ్డ వింటున్నదా?



పిల్లల చదువుకు సాంకేతిక పరిజ్ఞానం అనగానే మన మనసులో మెదిలేవి ట్యాబు, తరగతి గోడకు అమర్చిన పెద్ద తెర. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. చాలా బడులకు డిజిటల్ తెరలు వచ్చాయి. సంతోషమే. అయితే వైద్యునిగా నాకు కలిగే మొదటి ప్రశ్న వేరు. ఆ తెరమీది అక్షరం పిల్లవానికి కనబడుతున్నదా? అందులోని మాట వినబడుతున్నదా? కనబడి, వినబడినా, అది అతనికి తెలిసిన భాషలో ఉన్నదా?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ఉద్యోగం చేసిన కాలంలో పాఠశాలల ఆరోగ్య పరీక్షలకు వెళ్ళేవాడిని. "వీడు మొద్దు సార్" అని నాకు చూపించిన పిల్లలు తక్కువేమీ కాదు. వారిలో కొందరికి హ్రస్వదృష్టి. కొందరికి ఏళ్ళ తరబడి చెవిలో చీము. మరికొందరికి కన్ను, చెవి, తెలివి అన్నీ చక్కగానే ఉండి, అక్షరాన్ని పట్టుకోవడంలో మాత్రమే చిక్కు. 'మొద్దు' అన్నది ఏ పరీక్షా చేయకుండా చేసే రోగనిర్ధారణ.

చట్టం ఈ విషయంలో మనకంటే ముందున్నది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలకు అందులో చోటు దక్కింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికే వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. శిబిరాలలో కళ్ళజోళ్ళు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. చిక్కు తరచుగా ఆ తరువాతనే మొదలవుతుంది.

ఎమ్మిగనూరులో ఒక చేనేత కుటుంబాన్ని చూశాను. ఇంట్లో పగలంతా మగ్గం చప్పుడు. అందరూ గట్టిగా మాట్లాడటం అలవాటు. అందువల్ల బిడ్డకు వినికిడి తక్కువన్న సంగతి ఆలస్యంగా బయటపడింది. శిబిరంలో యంత్రం ఇచ్చారు. ఏడాది తరువాత ఆ పాప నా దగ్గరకు వచ్చినప్పుడు చెవి ఖాళీగా ఉన్నది. యంత్రమేదని అడిగితే తల్లి, "ఎక్కడ పోగొడుతుందోనని పెట్టెలో బద్రంగా పెట్టినాం సారూ" అన్నది. సర్టిఫికెట్టుతోపాటు గుడ్డలో చుట్టి దాచింది. ఆ తల్లిది నిర్లక్ష్యం కాదు, అతి జాగ్రత్త.

ఇంకాస్త అడిగితే అసలు కారణం తెలిసింది. యంత్రం కీచుమని కూస్తున్నదట. బ్యాటరీ అయిపోతే ఎక్కడ దొరుకుతుందో తెలియలేదట. చెవిలో అమర్చే అచ్చు బిడ్డ పెరిగేకొద్దీ వదులవుతుంది. వదులైతే కూత వస్తుంది. చిన్న పిల్లలకు దానిని కొన్ని నెలలకే, బడి పిల్లలకు ఇంచుమించు ఏటా మార్చవలసి ఉంటుంది. గుండీ బ్యాటరీ ఒకటి రెండు వారాలకు మించి రాదు. ఈ రెండు ముక్కలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. అచ్చు మార్చిన తరువాత పాప యంత్రం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక్క రోజులో అద్భుతమేమీ జరగలేదు. వినని సంవత్సరాల మాటలను మళ్ళీ నేర్చుకోవాలి కదా! రోజూ ఉదయం "ఈ రోజు వినబడుతున్నదా?" అని అడిగి, ముందు వరుసలో కూర్చోబెట్టిన పంతులమ్మ చేసిన మేలు యంత్రం చేసిన మేలుకు తక్కువ కాదు.

మన ప్రాంతంలో భాష కూడా ఆలోచించవలసిన విషయమే. హొళగుంద, కౌతాళం వైపు ఎన్నో ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు. ఆదోని పట్టణంలో ఉర్దూ. పుస్తకంలో తెలుగు, ఇంగ్లీషు. ఇటువంటి పిల్లవాడు చదవలేకపోతే అది డిస్లెక్సియానా, భాష కొత్తదనమా అని విడదీసి చూడాలి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన 'డాలీ' పరీక్ష కన్నడంలో కూడా ఉన్నది. ఇంటి భాషలో సైతం అక్షరం కుదరకపోతేనే వైకల్యాన్ని అనుమానించాలి. ప–వ, మ–య తారుమారు చేయడం, వత్తులు వదలడం, చదువుతూ పంక్తి దాటిపోవడం ఎంతకాలమైనా తగ్గకపోతే నిపుణులకు చూపించండి.

ఇటువంటి పిల్లలకు ఇంట్లో ఉన్న ఫోనే ఉపకరణం కాగలదు. అక్షరాలను పెద్దవి చేయవచ్చు. తెరమీది పాఠాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం తెలుగులో ఉన్నది. చూపు లేని పిల్లలకు, డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఇది ఆధారం. మాట్లాడిన మాటను వెంటనే అక్షరాలుగా చూపే సదుపాయం, చదవడం వచ్చిన బధిర విద్యార్థికి తోడు. ఖర్చు లేదు; ఒకరు కూర్చుని నేర్పాలి, అంతే.

ఇక సుగ్గి సంగతి. పంట కోతలకు వలస పోవడాన్ని మన పడమటి మండలాలలో సుగ్గి అంటారు. గుంటూరు వైపు మిరపకోతలకు పోయే కుటుంబాల వెంట పిల్లలూ పోతారు. అక్కడ కళ్ళజోడు పగిలితే, మళ్ళీ ఊరికి వచ్చేదాకా పిల్లవానికి అన్నీ మసకే. అందుకే తల్లిదండ్రులకు నా విన్నపం: కళ్ళజోడు చీటీని, వినికిడి పరీక్ష కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. ఏ ఊరిలోనైనా ఆ చీటీతో జోడు చేయించవచ్చు. వినికిడి నిపుణుడు ఆ కాగితం చూసి యంత్రాన్ని సరిచేయగలడు.

ఉపాధ్యాయ మిత్రులకు మరొక్క మాట. జూన్‌లో బడి తెరవగానే ట్యాబుల లెక్కతోపాటు ఇంకొక లెక్క రాయండి: కిందటి ఏడు కళ్ళజోడు, వినికిడి యంత్రం పొందిన పిల్లలెందరు? నేడు వాటిని పెట్టుకుని వచ్చినవారెందరు? రెండు అంకెలకూ తేడా ఉంటే, ఆ పిల్లల ఇళ్ళకు ఒకసారి వెళ్ళి రండి. పరికరం పంచిన రోజు ఫోటో అందరూ తీస్తారు. అది పనిచేస్తున్నదా అని అడిగేవారే పిల్లలకు కావాలి.