ఇంట్లో బిస్మార్కు

మొన్న సాయంత్రం బురుజుపేట అమ్మవారి గుడి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు, పదో తరగతి చదివే మా మనవరాలు ఎదురొచ్చింది. "బామ్మా, బిస్మార్కు మంచివాడా, చెడ్డవాడా? రెండు ముక్కల్లో చెప్పు" అంది.

రెండు ముక్కల్లో చెప్పడానికి అదేమన్నా చారుపొడి కొలతా! 1864లో డెన్మార్కుతో, 1866లో ఆస్ట్రియాతో, 1870లో ఫ్రాన్సుతో యుద్ధాలు చేయించి, విడివిడిగా ఉన్న జర్మను రాజ్యాలను ఒక్కటి చేశాడు మహానుభావుడు. పెద్ద సమస్యలు ఉపన్యాసాలతో తేలవు, ఇనుముతో నెత్తురుతోనే తేలతాయన్నాడు. అలాగని ఒట్టి కర్కోటకుడూ కాదు. 1889లో వృద్ధాప్య పింఛను చట్టం తెచ్చిందీ ఆయనే.

"మరి మన పటేల్‌గారిని ఇండియా బిస్మార్కు అంటారెందుకు?"

ఆయనా కలిపారు కనుక. అయిదువందల అరవై పైచిలుకు సంస్థానాల్లో చాలావాటిని నచ్చజెప్పి, రాజభరణాలిచ్చి కలిపారు. మన హైదరాబాదుకు మాత్రం 1948 సెప్టెంబరులో సైన్యం వెళ్లక తప్పలేదు. ఇక పొట్టి శ్రీరాములుగారు ఎవరి నెత్తురూ అడగలేదు. ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు పస్తుండి, 1952 డిసెంబరు 15న తన ప్రాణమే ఇచ్చారు.

చెబుతుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. వన్ టౌన్‌లోని ఆ పాత ఇంట్లో నలుగురు కొడుకులు, నలుగురు కోడళ్లు, ఒకటే పొయ్యి. తాళాలగుత్తి ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే. గీత దాటితే ఇంతే సంగతులు! కానీ ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా మేలుకునేదీ ఆవిడే. ఆవిడ పోయిన ఏడాదికే నాలుగు పొయ్యిలయ్యాయి. ఒక్క ఇత్తడి గంగాళం దగ్గర మాట పట్టింపు వచ్చి, నేనూ మా పెద్ద తోడికోడలూ ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

"ఆయన కలిపిన జర్మనీ అలాగే ఉందా బామ్మా?"

లేదమ్మా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రెండు ముక్కలైంది. మళ్లీ 1990 అక్టోబరు 3న ఒక్కటైంది.

"ఈసారి ఎవరితో యుద్ధం?"

"ఎవరితోనూ లేదే" అన్నాను. అనేసి, అలాగే కూచుండిపోయాను.

పిల్ల పుస్తకం మూసి వెళ్లాక ఫోను తీశాను. నంబరు ఇంకా నోటికే ఉంది.

"అక్కా, నేను" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఇవాళ గుడికెళ్లావా? నాకు ప్రసాదం ఉంచావా?" అంది.