అరకు దారిలో పంటిపోటు

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. శివలింగపురం దాటి కొండలెక్కడం మొదలయ్యాక పెట్టెలో అందరూ కిటికీలకి అతుక్కుపోయారు. అరకు చేరేలోపు వరసగా సొరంగాలు. బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసిన లైను ఇది. లోయల అందం మనకి కొసరు. నాకు ఆ కొసరూ దక్కలేదు. త్యాడ దగ్గర చల్లటి నీళ్లు గుక్కెడు తాగానో లేదో, కుడి దవడ కింద జివ్వుమంది. పోటు చెవిలోకి, కణతలోకి పాకింది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు పెట్టే కేకలు నేరుగా పంట్లోకే దిగేవి.

ఎస్.కోటలో ఎక్కిన పెద్దావిడ కొంగుముడి విప్పి లవంగం ఇచ్చింది. "నమలకు బాబూ, పన్ను పక్కనెట్టుకో." కాసేపు మొద్దుబారింది. బొర్రా గుహల స్టేషన్లో మావాళ్లు జామకాయలకి ఉప్పూకారం అద్దుకు తింటుంటే చూస్తూ కూర్చున్నా. అరకులో బొంగు చికెన్ వాసన చూసి, పెరుగన్నం ఎడమవైపు నమిలి పడుకున్నా.

మర్నాడు అనంతగిరి ఘాట్ మీదుగా బస్సులో దిగి, తిన్నగా పళ్ల డాక్టరు దగ్గరికే. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీశారు.

"జ్ఞానదంతం నొప్పేనా డాక్టరుగారూ?"

"నొప్పి దానిది కాదండీ, దాని ముందున్న దవడపన్నుది."

తెరమీద చూపించారు. జ్ఞానదంతం నిటారుగా లేవకుండా, బస్సులో కునికిపాట్లు పడుతూ పక్కవాడి భుజమ్మీద వాలిపోయేవాడిలా, ముందు పన్ను మెడకి ఆనుకుని ఉంది. రెండింటి మధ్య సందులో మెతుకు ఇరుక్కుంటుంది, బ్రష్ అందదు. సరిగ్గా అక్కడే నల్లటి నీడ, నరం దాకా. పైనుంచి అద్దంలో చూస్తే ఆ పన్ను శుభ్రంగానే ఉంది!

జ్ఞానదంతాలు అందరికీ పీకించెయ్యాలనే మాట నాకు నచ్చదు. బ్రిటన్లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ, జబ్బులేని జ్ఞానదంతాల జోలికి పోవద్దని 2000లో చెప్పింది. తర్వాత అక్కడి దంతవైద్యులే, ఒరిగిన జ్ఞానదంతం ఉన్నచోట ముందు పన్ను వెనకవైపు పుచ్చడం ఎక్కువగా చూస్తున్నామన్నారు. సగం బయటపడి ముందుకు ఒరిగినదైతే నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించి, దాన్నో కంట కనిపెట్టాలనే అంటాను.

దవడకి మత్తిచ్చి, చిగురు కోసి, జ్ఞానదంతాన్ని ముక్కలు చేసి తీశారు. ఆ అడ్డు తొలగితేగానీ వెనక పుచ్చుకి పరికరం అందదట. కుట్లు విప్పాక ముందు పన్నుకి రూట్ కెనాల్, పైన క్యాపు. ఖర్చులో పెద్దవాటా ఏ పాపం ఎరగని ఆ పన్నుకే అయింది. ఎడమవైపు జ్ఞానదంతం తిన్నగా వచ్చింది, బ్రష్ అందుతోంది. దాన్ని అలాగే ఉంచమన్నారు.