పాల్వంచలో మా యింటి తీగ



మా వారికి పాల్వంచకు బదిలీ యైనపుడు సామానులన్నియు లారీలో వచ్చినవి గాని, ఒక మనీప్లాంటు కుండీని మాత్రము నేను ఒడిలో నుంచుకొని వచ్చితిని. అది స్వర్గస్థురాలైన మా అత్తగారు పెంచిన తీగ. మా ఆడుబిడ్డ ఫోను చేసినపుడెల్ల “అమ్మ తీగ ఎట్లున్నది వదినా?” యని యడుగుచుండును.

కొత్తగూడెము మీదుగా భద్రాచలము పోవు యాత్రికులకు పాల్వంచ దారిలోని యూరు. మాకు దొరికిన యింట నడిమి గది చీకటి. తీగ నచటనే యుంచి ఉభయసంధ్యలను భక్తితో నీరు పోసితిని. నెల తిరుగక మునుపే ఆకులు పసుపుబాఱి వ్రాలినవి. దాహమని తలంచి మఱింత పోసితిని. ఆడుబిడ్డకు ఏమని చెప్పుదునా యని ఫోను మ్రోగినను తీయుటకు వెనుదీసితిని.

పొరుగింటి అవ్వ మట్టిని ముట్టి చూచి, “నీళ్లు తక్కువై కాదు బిడ్డా, ఎక్కువై చస్తున్నది. వేరుకు ఊపిరాడొద్దా?” అన్నది. కుండీ బోర్లించి చూడగా వేళ్లు నల్లబడి క్రుళ్లి యున్నవి. మట్టిలో నీరు నిలిచినచో గాలికి చోటుండదు; గాలి లేని వేరు క్రుళ్లును; క్రుళ్లిన వేరు నీటిని త్రాగలేదు. కావుననే తడిమట్టిలో నుండియు ఆకు వాడును.

ఆ ఆదివారము కిన్నెరసాని చూడబోతిమి. 1977లో అభయారణ్యముగా ప్రకటింపబడిన యా వనమున తీగలు మ్రాకులను ప్రాకుచుండెను. ఆకుల సందులనుండి వెలుతురు జల్లెడ పట్టినట్లు పడుచుండెను. క్రింద చివికిన ఆకులలో నీరు నిలువక యింకిపోవుచుండెను. మన మనీప్లాంటు పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రములోని మూరియా ద్వీపము. దానిదియు చెట్లను ప్రాకు స్వభావమే. చెట్టునీడ వేఱు, గదిచీకటి వేఱు అని నాకప్పుడు బోధపడినది.

ఇంటికి వచ్చి, గట్టిగా నున్న కొమ్మలను రెండేసి కణుపులుండునట్లు కోసి, ఒక కణుపు మునుగునట్లు గాజుసీసా నీటిలో నుంచితిని. వారమునకు రెండుమారులు నీరు మార్చితిని. 15 దినములకు తెల్లని వేళ్లు పొడమినవి. అభయారణ్యమునుండి ఆకుగాని మన్నుగాని తేరాదు గనుక, మా పెరటి వేపాకు చివికిన యెరువును ఎఱ్ఱమన్నుతోను, ఇసుకతోను కలిపి, అడుగున రంధ్రములున్న కుండీలో నాటితిని. ఎండ సూటిగా తగులని తూర్పు కిటికీ చెంత నుంచితిని. ఇప్పుడు వ్రేలిని రెండంగుళములు మట్టిలో దింపి, పొడిగా నున్ననే నీరు పోయుదును. పళ్లెములో నిలిచిన నీటిని పాఱబోయుదును. ఆకులపై ధూళిని తడిగుడ్డతో తుడుతును. దీని రసము నోటిని మండించును గావున పసిబిడ్డలకు, పిల్లులకు అందనీయరాదు.

మొదటి తీగ బ్రదుకలేదు. దాని పిలకలు నాలుగు బ్రదికినవి. దసరాకు వచ్చిన మా ఆడుబిడ్డతో జరిగినదంతయు దాచక చెప్పితిని. ఆమె యొక్క క్షణ మూరకుండి, ఒక కుండీని ఒడిలో నుంచుకొని బస్సెక్కినది.