ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు

వదినగారూ, పొద్దున్నే మీ మోటారు చప్పుడు విన్నాను. నిన్న సాయంత్రమే కదా పైట్యాంకు నిండింది! ఇంట్లో ఉన్నది ఇద్దరు, రాత్రంతా నిద్రే. మరి నీళ్ళు ఎటు పోయినట్టు?

కుళాయిలన్నీ చూశారా? సరే, ఫ్లష్ ట్యాంకో? చప్పుడేం రావట్లేదంటారా? అడుగునుంచి కారే నీళ్ళకి చప్పుడుండదు వదినగారూ. కమోడ్ వెనక వైపు అంటుకుని సన్నగా జారిపోతాయి. కంటికి ఆనవు.

ఒక పని చేయండి. కేసరిలో వేసే మిఠాయి రంగు నీళ్ళలో కలిపి ఫ్లష్ ట్యాంకులో పోయండి. అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు. తర్వాత కమోడ్‌లో చూడండి. రంగు దిగిందా, లీకున్నట్టే. మిఠాయి రంగు లేకపోతే బీట్‌రూట్ రసం చాలు. పసుపు మాత్రం వద్దు, మరక పడుతుంది. చూడగానే ఫ్లష్ చేసెయ్యండి.

ఎక్కడ కారుతోందో కూడా తెలుసుకోవచ్చు. ట్యాంకు లోపల నీళ్ళు ఎంతవరకున్నాయో పెన్సిల్‌తో గీత పెట్టి, గోడ దగ్గరి యాంగిల్ కాక్ కట్టేయండి. కాసేపటికి నీళ్ళు గీత కిందికి దిగితే అడుగు వాషరు పట్టడం లేదన్నమాట. దిగకుండా అక్కడే ఉంటే, కాక్ మళ్ళీ తెరిచి, నీళ్ళు ఎక్కువై మధ్యలోని నిలువు గొట్టంలోకి పొర్లుతున్నాయేమో చూడండి. ఫ్లోటు కాస్త దించితే సరి. ఆ గొట్టం అంచుకి ఓ అంగుళం కిందే నీళ్ళు ఆగాలి. అప్పటికీ ఆగకపోతే వాల్వు మార్చాల్సిందే.

వాషరయితే ముందు తీసి కడిగించండి. నీళ్ళలోని ఉప్పు పేరుకుంటే అది సరిగ్గా కూర్చోదు. రబ్బరు గట్టిపడిపోయుంటే కొత్తది వేయించండి.

ఏమంటున్నారు, అన్నయ్యగారు మీటరు చూద్దామంటున్నారా? మన ఇళ్ళలో మీటరు దాటిన నీళ్ళు ముందు సంపులో పడతాయి. అక్కణ్ణుంచి మోటారుతో పైకి. రాత్రి పైన లీకయితే కింద మీటరెలా తిరుగుతుంది? పైట్యాంకులోనే చూడాలి. పడుకునేముందు ఒకసారి, పొద్దున ఎవరూ కుళాయి తిప్పకముందు ఒకసారి.

చిన్న లీకే కదా అనకండి. అయిదు నిమిషాలకి లీటరు చొప్పున కారినా గంటకి 12, రోజుకి 288 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు చాలని సర్కారు లెక్క. అంటే మీ ఇద్దరి నీళ్ళూ దాంట్లోనే పోతున్నట్టు. నెలకి 8,640! 2021 జనవరిలో మన హైదరాబాదులో మొదలైన ఉచిత పథకంలో ఇంటికి నెలకి 20,000 లీటర్లు. అందులో దాదాపు సగం ఎవరూ వాడకుండానే డ్రైనేజీలో కలుస్తోంది.

పైగా అవి ఎక్కడి నీళ్ళు? నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తెచ్చిన కృష్ణ నీళ్ళు. దారి పొడుగునా కరెంటు ఖర్చు. అన్నీ శుద్ధి చేసిన తాగే నీళ్ళే. అవతల ఎండాకాలం వస్తే బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడేవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు.

రంగు మా ఇంట్లో ఉంది, పిల్లాడిచేత పంపిస్తాను. మీ పైపోర్షన్ వాళ్ళ ట్యాంకులో కూడా వేసి చూడమనండి. ట్యాంకరు బుక్ చేసేముందు మన వీధిలో ప్రతి ఇల్లూ ఈ అరగంట పని చేసి తీరాలి వదినగారూ.