దీపమెవ్వరి పేర

మా నగరి పట్టణములో ఇల్లు మారుట యన్నది సామాను మారుటయే గాని దీపము మారుట కాదు. ఏకాంబరకుప్పములో ఒక యింటిని విడిచి సత్రవాడలో మరియొక యింట చేరిన సంసారము, పాలు పొంగించి, దేవుని పటమును గోడకు తగిలించి, మీట నొక్కినంతనే వెలుగు వచ్చునని తలచును, వచ్చుచుండును గూడ. ఏలయన అచ్చట విద్యుత్తు మనుష్యుని వెంట నడచునది కాదు, ఇంటిని పట్టుకొని యుండునది. సర్వీసు నంబరు ఇంటిది, మీటరు డబ్బా ఇంటిది, నెలనెలకు వచ్చు బిల్లుపై అచ్చగు పేరు ఆ యిల్లు కట్టించిన వానిది. అతడు కాలము చేసి దశాబ్దములు గడచినను మనుమలు ఆ పేరుతోడనే పైకము కట్టుచుందురు. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి పోయి, తిరుపతి ప్రధాన స్థానముగా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ 2000లో వచ్చినది. సంస్థ మారినను మా యింటి బిల్లుపై మా తాత పేరు మాత్రము మారలేదు. ఇక అద్దెకుండువారి పేరు ఏ కాగితముపైనను కానరాదు. యజమాని గోడకు బిగించిన చిన్న మీటరును చూచి, "ఈ నెల ఇంత తిరిగిందమ్మా" అని చెప్పిన మొత్తమును అద్దెతో గూడ చేతికిచ్చుటతో వారి వ్యవహారము ముగియును.

విద్యుత్తు విలువ మా యూరివారికి తెలియదని యెవ్వరు ననలేరు. మరమగ్గములు ఇండ్లలోనే యాడు వీధులు మావి. అచ్చట కరెంటు దీపమునకే గాక అన్నమునకును ఆధారము. రేయింబవళ్లు ఆగని ఆ మగ్గముల చప్పుడులో హాయిగా నిద్రించిన పసిపిల్లలు, కరెంటు పోయి వీధి యంతయు ఒక్కసారిగా మౌనము వహించినపుడు ఉలికిపడి మేల్కొనుట నేనెఱుగుదును. అయినను, ఇంత విలువైన దానిని ఒకరి యొద్దకు పోయి "నా పేర ఇమ్ము" అని యడుగవలసిన యవసరము మాలో పెక్కుమందికి జీవితములో నొకసారియైనను రాలేదు.

ఇట్టి యూరినుండి వచ్చి, టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు ఉత్తరముగా నున్న ఫ్రిస్కోలో కాపురము పెట్టువానికి తెలియవలసిన మొదటి సంగతి, ఇచ్చట ఇల్లు వేరు, ఇంటి వెలుగు వేరు అనునది. పాత కాపురమువారు పోవునపుడు తమ ఖాతాను మూసి పోవుదురు. మనము తాళపుచెవి పుచ్చుకొను నాటికి మన పేర ఖాతా తెరువబడి యుండవలయును. ప్రతి యింటికిని ఎన్నటికి మారని యొక సంఖ్య కలదు. అది 17 గాని 22 గాని అంకెలు గలది. అంతవరకు మన సర్వీసు నంబరు వంటిదే. కాని స్తంభములు, తీగెలు, మీటర్లు ఆంకార్ అను సంస్థవి కాగా, కరెంటును మనకమ్మువారు వేరు. 1999లో శాసనసభ చేసిన చట్టము ననుసరించి 2002 జనవరి 1 నుండి టెక్సాసులోని అధిక భాగమున కరెంటు అమ్మకము పోటీ వ్యాపారమైనది. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరములు తమ పురపాలక విద్యుత్ సంస్థలనే నిలుపుకొన్నవి. సహకార సంఘముల ప్రాంతములు సైతము చాలవరకు ఆ పోటీకి వెలుపలనే యున్నవి. ఫ్రిస్కోలోనే కొన్ని వీధులు ఆంకార్ తీగెల క్రింద, కొన్ని వీధులు కోసర్వ్ అను సహకార సంఘము క్రింద నుండుటచేత, ఒక వీధివానికి పదుల కొలది అమ్మకందార్లలో ఒకరిని ఎంచుకొనవలసిన పని పడగా, ఆ ప్రక్క పేటవానికి ఎంపిక యనునదే లేదు. కావున ఇల్లు చూచుకొను దినముననే "ఇచ్చటి తీగెలు ఎవరివి?" అని యడుగుట మంచిది.

పుత్తూరు దగ్గరి పల్లె నుండి క్రొత్తగా వచ్చిన యొక యువకుడు ఒకనాటి రాత్రి నాకు ఫోను చేసెను. "అన్నా, రేపు తాళం ఇస్తారంట. కరెంటు మన పేరన రాయించుకోవల్లంట. ఈడ జూస్తే కంపెనీలు లెక్కలేనన్ని ఉండాయి. యెవురి కాడ తీసుకోవల్ల?" అని యతడడిగిన ప్రశ్న చిన్నదే. దానికి సమాధానము చెప్పుటకు మాత్రము మా యిద్దరికిని ఆ రాత్రి చాల ప్రొద్దుపోయినది.

రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ నడుపు పవర్ టు చూజ్ అను జాబితాలో పథకములన్నియు యూనిటు ధర ననుసరించి వరుసగా నగపడును. క్రొత్తవాడు అన్నింటికంటె మీద నున్న దానిని చూచి సంతసించును. అచ్చట నాగి, ప్రతి పథకముతో విధిగా జతచేయబడు ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అను పత్రమును తెరచి చదువవలయును. నెలకు 500, 1000, 2000 యూనిట్లు వాడినచో సగటు ధర యెంత పడునో అందు మూడు గడులలో నుండును. ఆ మూడు సంఖ్యల నడుమ నున్న వ్యత్యాసములోనే పథకముయొక్క స్వభావమంతయు బయటపడును. ఉదాహరణకు, యూనిటు 18 సెంట్లు, వాడకము 1000 యూనిట్లు ముట్టినచో నూరు డాలర్ల తగ్గింపు అనుకొందము. సరిగా వేయి యూనిట్లు వాడినవానికి 80 డాలర్లే, అనగా యూనిటు 8 సెంట్లే. ఒక్క యూనిటు తక్కువైనవానికి దాదాపు 180 డాలర్లు. ఏసీలు ఎడతెగక తిరుగు ఆగస్టు నెలలో 2000 యూనిట్లు దాటుట వింత కాదు. ఏప్రిలులోను, అక్టోబరులోను, చిన్న యింట ఇద్దరే యుండు కాపురమునకు 500 యూనిట్లైనను కాకపోవచ్చును. ఆ నెలలలో ఆ చౌక పథకమే అన్నింటికంటె ప్రియమైనదగును. క్రొత్త కాపురమునకు తగ్గింపుల మెలికలు లేక అన్ని నెలలకును ఒకే ధర నిలుచు పథకమే మేలని నేనా యువకునితో చెప్పితిని. నేటికిని నా యభిప్రాయమదియే.

ధర నిలుకడగా లేకుండుట యెంతటి ప్రమాదమో 2021 ఫిబ్రవరి మాకు చూపినది. ఆ నెల 15వ తేదీ వేకువజామున, మంచుతుఫానులో విద్యుత్కేంద్రములును, సహజవాయువు గొట్టములును బిగుసుకుపోగా, రాష్ట్ర విద్యుజ్జాలమును నడుపు ఎర్కాట్ సంస్థ ఇండ్లకు కరెంటు నిలిపివేయుమని ఉత్తరువిచ్చెను. 45 లక్షలకు పైబడిన ఇండ్లును, వ్యాపార స్థలములును చీకటిలో మునిగినవి. ఆ కోత విధింపకున్నచో జాలమంతయు 4 నిమిషముల 37 సెకండ్లలో కుప్పకూలియుండెడిదని ఎర్కాటే తరువాత తెలిపెను. 246 మంది మరణించినట్లు రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కగట్టినది. ఆ దినములలో టోకు ధర యూనిటుకు 9 డాలర్ల వరకు పోయినది. టోకు ధరనే నేరుగా ఇంటికి వర్తింపజేయు పథకములలో చేరినవారికి వేల డాలర్ల బిల్లులు వచ్చినవి. గృహస్థులకు అట్టి పథకములను అమ్మరాదని అదే సంవత్సరము చట్టమైనది. మేమప్పుడు రెండు సంసారముల పిల్లలను ఒకే గదిలో పడుకొనబెట్టి, గొట్టములలో నీరు గడ్డకట్టి పగులకుండుటకై కొళాయిలను సన్నని ధారగా విప్పి, రాత్రులు గడపితిమి. కరెంటు కోత మా యూరిలో ఎఱిగినదే యైనను, కోత చలియై యెముకలను పట్టునని ఎఱుగము.

డిపాజిట్టు సంగతియు ఇచ్చటనే చెప్పవలయును. సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేనివారిని, ఉన్నను పరపతి చరిత్ర లేనివారిని అమ్మకందార్లు డిపాజిట్టు అడుగుదురు. అది అవమానము కాదు, క్రొత్తవారందరికి గల నియమమే. దానికి పరిమితి యున్నది: ఏడాది బిల్లుల యంచనాలో అయిదవ వంతు, రెండు నెలల బిల్లుల యంచనా, ఈ రెంటిలో ఏది యెక్కువయో దానిని మించరాదు. వరుసగా 12 నెలలు గడువు దాటకుండ చెల్లించినవారికి అది వడ్డీతో తిరిగి రావలయును. ఒప్పందపు గడువు తీరకమునుపే ఇల్లు మారవలసివచ్చిన వానినుండి, క్రొత్త చిరునామాకు నిదర్శనము చూపినచో, మధ్యలో మానినందుకు జరిమానా వసూలు చేయరాదు. ఈ చివరి నియమము తెలియక, అడిగినంత కట్టి ఊరకుండిన మనవారిని నేను చూచితిని. ఒప్పందము ముగియు తేదీని పంచాంగముపై గుర్తుపెట్టుకొనుట గూడ అవసరము. ఆ తేదీ దాటినంతనే నెలనెలకు మారు ధర మొదలగును, అది సాధారణముగా పాతదానికంటె హెచ్చు.

నీటికి ఇంత తంటా లేదు. నీరు నగరపాలక సంస్థది. మురుగునీటి రుసుము, చెత్త బండి రుసుము దానితోడనే ఒక్క బిల్లులో వచ్చును. ఫ్రిస్కో, పొరుగునున్న ప్లేనోల నీరు 1951లో నెలకొన్న నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్టు నుండి వచ్చుచున్నది. దాని ముఖ్యాధారము లవాన్ సరస్సు. ఏటేట వసంతారంభమున కొన్ని వారములు ఆ నీటిలో క్లోరిన్ వాసన హెచ్చుగా నుండును. గొట్టముల శుద్ధికై చేయుపని యని ముందుగానే ప్రకటింతురు. పచ్చికకు నీరు పెట్టుటకు వారములో ఇన్ని దినములే యని కట్టడి గలదు. ఆ కట్టడిని చదివినపుడెల్ల నాకు మా కుశస్థలి జ్ఞప్తికి వచ్చును. మా యూరి యెదుటనే పోవు ఆ యేటి నీరు కడకు పూండి జలాశయము చేరి చెన్నపట్టణపు కొళాయిలకు పోవుచుండగా, ఏటి యొడ్డున బుట్టిన మేము వేసవిలో బోరింగు వద్ద బిందెల వరుసలో నిలిచినవారము. అట్టివారికి పచ్చికపై నీటి కట్టడి భారము కాదు.

వంట వాయువు మాట కొంత వేరు. ఇచ్చట సిలిండరు లేదు. భూమిలో గొట్టము, గోడకు మీటరు. డల్లాసు ప్రాంతమున పెక్కిండ్లకు అట్మాస్ ఎనర్జీ వాయువు నిచ్చును. కరెంటును దూరమునుండియే యిచ్చివేయుదురు గాని, మూసియుంచిన వాయువును తెరచుటకు మనిషి యింటికి రావలయును. ఆ వేళ పెద్దవారొకరు ఇంట నుండవలయును. గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టించుకొనువారు ఈ సంగతిని పురోహితునికంటె ముందుగా ఆలోచింపవలసియుండును. తెల్లవారుజామున పాలు పొంగించ నెంచి, పొయ్యిలో నిప్పు పుట్టక, ముహూర్తము దాటిపోవునని కంగారుపడిన యింట నేనుంటిని; ఇరుగింటి గుజరాతీ యమ్మ తన విద్యుత్ పొయ్యిని తెచ్చి యిచ్చి ఆ శుభకార్యమును కాపాడినది. మన పక్కన గ్యాసు కనెక్షనుకై సంవత్సరముల తరబడి వేచియున్న కాలమును, 1999లో దీపం పథకము వచ్చినపుడు పల్లెల పేద యిల్లాండ్ర పేరనే కనెక్షనులిచ్చిన కాలమును నేనెఱుగుదును. ఆ పథకముయొక్క గుణదోషముల నెవ్వరెట్లు లెక్కించినను, నిప్పును ఆడుదాని పేర వ్రాసిన ఆ యొక్క యంశమును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకొందును.

నేనిన్ని వివరములు చెప్పుటకు కారణమును ఆ పేరు సంగతియే. పరదేశములో బిల్లు కేవలము పైకము కట్టు కాగితము కాదు. ఫలానా మనిషి ఫలానా చోట కాపురమున్నదని ప్రభుత్వము నమ్ము సాక్ష్యము. టెక్సాసులో స్థిరపడిన 90 దినములలో డ్రైవింగ్ లైసెన్సు పొందవలయును. దానికి నివాసమును నిరూపించు పత్రములు రెండు కావలయును. బిడ్డను బడిలో చేర్చుటకును, గ్రంథాలయమున సభ్యత్వమునకును ఇట్టి కాగితమే అడుగుదురు. భర్త ఉద్యోగముపై ఆధారపడిన వీసాతో వచ్చిన మన యాడుపిల్లలలో పనిచేయు ననుమతి లేనివారికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య రాదు. ఇంటి యొప్పందము, కరెంటు, నీరు, వాయువు, ఇంటర్నెట్టు, అన్నియు భర్త పేరనే తెరువబడును. ఇంజనీరింగు చదివి, తన యూరిలో జీతము తెచ్చుకొనుచుండిన యామె, ఇచ్చట తానున్న యింటిలో తానున్నట్లు చూపుటకు ఒక్క కాగితమైనను లేక, ప్రతిచోట భర్తతో గూడ పోయి ప్రమాణపత్రము దాఖలు చేయవలసివచ్చుచున్నది. ఇందులో ఎవ్వరి దురుద్దేశమును లేదు. ఖాతా తెరచు తొందరలో రెండవ పేరు ఎవ్వరికిని తోచకపోవుటయే.

మా నాయన పోయిన తరువాత నేను నగరికి పోయినపుడు, మరణ ధ్రువపత్రమును, వారసత్వపు కాగితములను జతపరచి, అదివరకు తాత పేరనే యున్న మా యింటి సర్వీసును మా యమ్మ పేర మార్పించితిని. "ఇప్పుడు నా పేరెందుకురా నాయనా, కరెంటు వస్తానే ఉండాది గదా" అని యామె యన్నది. మరుసటి నెల బిల్లు వచ్చినపుడు మాత్రము దానిని చేతికి తీసికొని, తన పేరును కూడబలుకుకొని చదివినదని మా చెల్లెలు చెప్పెను.

క్రొత్తగా వచ్చిన సంసారములకు తోడుపడు మనవారు ఈ దేశమున వేలకొలది యున్నారు. వారికి నా మనవి యొక్కటే. ఖాతా తెరిపించు వేళ ఆ సంసారములోని భర్తతో, "రెండవ పేరుగా నీ భార్య పేరు చెప్పు, అది బిల్లుపై అచ్చగునా యని అడుగు" అని చెప్పుడు. పెక్కుమంది అమ్మకందార్లు రెండవ పేరును చేర్చుకొందురు. ఒకరు వలదన్నచో, నీటి ఖాతానో, ఇంటర్నెట్టు ఖాతానో ఆమె పేర తెరువ వీలున్నదేమో విచారింపుడు. అద్దె యొప్పందముపై ఆమె చేవ్రాలు తప్పక యుండునట్లు చూడుడు. ఇందుకు అదనముగ నొక్క డాలరైనను ఖర్చు కాదు.