దాది పాడిన పాట

హంగరీ దేశస్థులు మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పి, ఆ పిమ్మట తమ పేరు చెప్పుకుంటారు. మనం బేలా బార్తోక్ అనే సంగీతకర్త తన దేశంలో బార్తోక్ బేలా. పేరులోనే గాని మనిషిలో బేలతనం లేశమైనా లేదు.

ఆయన నాకు పరిచయమైనది మా మనవడి వల్ల. వాడు పియానో నేర్చుకుంటున్నాడు. ఒకనాటి సాయంకాలం వాడు వాయిస్తున్న చిన్న రచనలో ఏదో పల్లెపాట పోలిక వినబడి, ఏమిటిరా అది అని అడిగాను. "బార్తోక్ పిల్లల కోసం రాశాడు తాతయ్యా. వాళ్ళ పల్లెపాటలేనట" అన్నాడు. అది మొదలు దొరికినంత విన్నాను, చదివాను.

హంగరీ సంగీతమనగానే లోకానికి ముందుగా స్ఫురించేది ఫెరెంత్స్ లిస్ట్ (1811–1886). పియానో వాదనలో ఆ కాలాన సాటిలేని మేటి. 1875లో బుడాపెస్ట్‌లో నెలకొన్న సంగీత అకాడమీకి తొలి అధ్యక్షుడు. ఆయన హంగేరియన్ రాప్సొడీలు విన్న కర్ణాటక సంగీత రసికులకు అక్కడక్కడ సింహేంద్రమధ్యమ స్వరాలు తగులుతాయి. అయితే ఆ బాణీలు ఆయనకు అందినది జిప్సీ వాద్యబృందాల నుండి. వారి వాదన పటిమ గొప్పదే. కాని ఆ బాణీలలో పెక్కు చదువుకున్నవారు సమీపకాలంలో కట్టినవి. లిస్ట్ వాటిని జిప్సీల సొంత సంగీతమనుకున్నాడు; లోకం హంగరీ ప్రాచీన సంగీతమనుకున్నది. పల్లెలో రైతు ఏమి పాడుకుంటున్నాడో అడిగినవారు బహు తక్కువ.

1904 వేసవిలో ఇరవైమూడేళ్ళ బార్తోక్ ఒక పల్లెలో విడిది చేసి ఉండగా, ట్రాన్సిల్వేనియా నుండి వచ్చిన లీదీ డోషా అనే దాది పసిబిడ్డకు పాడుతున్న పాట చెవిన పడింది. అకాడమీలో చదివిన ఆ విద్వాంసుడు ఆమె చేత మళ్ళీ పాడించుకొని రాసుకున్నాడు. మరుసటి ఏడు జోల్తాన్ కొదాయ్ (1882–1967) స్నేహం కుదిరింది. కొదాయ్ 1906లో డాక్టరేటుకు సమర్పించిన సిద్ధాంతవ్యాసం హంగరీ జానపదగేయాల చరణ నిర్మాణం గురించి. అంటే మా ఛందశ్శాస్త్రం కోవలోనిదే!

ఇద్దరూ ఫొనోగ్రాఫు మోసుకొని ఊళ్ళు తిరిగారు. మైనపు గొట్టాలపై రైతుల గొంతులు పట్టారు. వారు వెలికితీసిన పాత పాటలలో పెక్కింటికి ఐదే స్వరాలు: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. మన శుద్ధ ధన్యాసి స్వరాలు! స్వరాలు కలిసినంత మాత్రాన రాగం ఒకటి కాదు గనుక పోలికను అంతటితో ఆపుతాను.

బార్తోక్ తనవారి పాటలతో ఆగలేదు. స్లొవాకుల పాటలు, రుమేనియన్ల పాటలు అంతే శ్రద్ధతో సేకరించాడు. 1913లో అల్జీరియాకు, 1936లో టర్కీకి వెళ్ళాడు. మొదటి ప్రపంచయుద్ధంలో హంగరీ ఓడి, ట్రాన్సిల్వేనియా రుమేనియా పాలైన రోజుల్లో ఆ రుమేనియన్ పాటల మీద వ్యాసం ప్రచురించినందుకు 1920లో స్వదేశంలోనే దేశభక్తి లేనివాడన్న నింద మోశాడు. సేకరణ మానలేదు. యూరప్‌ను నాజీల నీడ కమ్మగా 1940లో అమెరికా చేరాడు. జబ్బుతో ఉండి కూడా 1943లో 'కన్చెర్టో ఫర్ ఆర్కెస్ట్రా' రచించాడు. 1945లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. కొదాయ్ స్వదేశంలోనే ఉండి, పిల్లవానికి జానపదగేయమే సంగీతంలో మాతృభాష అని బోధించి, బడులలో పాటకు పీట వేయించాడు.

ఇదంతా చదువుతుంటే నాకు మా అమ్మ తిరగలి గుర్తుకు వచ్చింది. అప్పుడే భాషాప్రవీణ పట్టా పుచ్చుకొని ఇంటికి వచ్చిన రోజులు. అమ్మ కందులు విసురుతూ పాడుతున్నది. నేను వాకిట నిలబడి, "అమ్మా, ఆ పాదంలో యతి చెడింది. ఆ మాట కూడా గ్రామ్యం" అన్నాను. ఆమె నవ్వి, "మాకేం తెలుసు నాయనా" అన్నది. కోపం లేదు. కాని ఆ తరువాత నేను ఇంట ఉండగా ఆమె గొంతెత్తి పాడటం వినలేదు. ఇంట్లో టేపురికార్డరు ఉండేది. దానిలో అవధానాలు పట్టుకున్నాను, హరికథలు పట్టుకున్నాను. ఫొనోగ్రాఫు మోసుకొని ఊళ్ళు తిరగవలసిన పని నాకు లేదు. వాకిలి దాటి పెరట్లోకి వెళితే చాలు. వెళ్ళలేదు. ఇప్పుడు అమ్మ లేదు, ఆ పాట తెలిసినవారు మా ఊళ్ళో ఒక్కరూ లేరు.

మొన్న మనవణ్ణి పియానో దగ్గర కూర్చోబెట్టి ఆ పాటలో నాకు గుర్తున్నంత పాడాను. గుర్తున్నది ఒక్క పాదం. నేను తప్పు పట్టిన పాదమే. వాడు రెండుసార్లు విని, సరైన మెట్లు వెదికి వాయించాడు. చక్కగా ఉంది. యతి లేని లోటు చెవికి ఏ మాత్రమూ తెలియలేదు.

"తరువాత ఏమిటి తాతయ్యా?" అన్నాడు.