ఎకరా ముప్పావు నేల

అంతర్జాతీయ పోటీలు జరిగే ఫుట్‌బాల్ మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. మా జిల్లా లెక్కలో చెప్పుకొంటే అది సుమారు ఎకరా ముప్పావు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడ నమ్మకంగా కురవని ఈ సీమలో ఆపాటి వేరుసెనగ చేను మీద ఒక సంసారం ఆశ పెట్టుకొని బ్రతుకుతుంది. అంత నేల మీద 22 మంది ఒక బంతి వెంట పరుగెత్తడం మా పెద్దలకు వృథాగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఆ పరుగెత్తేవారు ఆడపిల్లలైతే ఇక చెప్పవలసిన పనే లేదు.

అయినా ఈ వ్యాసానికి మేము ఆ ఆటనే ఎన్నుకొన్నాము. మేమంటే ఈ కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్న కొందరు విద్యార్థినులం. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారమూ, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారమూ ఉన్నాము. ఉన్నత పాఠశాలలో అందరమూ ఏదో ఒక ఆట ఆడినవారమే. పదవ తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలోనే మా ఆటలూ ముగిసినవి. ఎవరూ కోపపడలేదు, ఎవరూ కూడదని శాసించలేదు. "పది అయిపాయె గదమ్మా, ఇంకా ఆటలేంటికి?" అని ఒక ఇంట అవ్వ అడిగింది. మరొక ఇంట నానీ అదే మాటను దక్కనీలో అడిగింది. బూట్లు తమ్మునికి ఇచ్చివేయడంతో ఆ సంగతి తేలిపోయింది.

అటువంటి వేసవిని దాటి ఆడిన తెలుగు పిల్ల గుగులోత్ సౌమ్య. 2001లో పుట్టింది. నిజామాబాదు జిల్లాకు చెందిన లంబాడీ కుటుంబం వారిది. మొదట ఆమె పరుగు పందెముల పిల్ల. ఆ వేగమే ఆమెను ఫుట్‌బాల్ వైపు నడిపింది. పక్క గీత వెంబడి బంతిని తీసుకొనిపోయి ప్రత్యర్థి గోలు ముందుకు చేర్చే ముందు వరుస ఆటగత్తె అయినది.

ఈ స్థానానికి వేగం ఒక్కటే చాలదు. తోటి క్రీడాకారిణి బంతిని తన్నక మునుపే రక్షణ పంక్తిని దాటి నిలబడితే ఆఫ్‌సైడ్ అని ఈల మోగుతుంది. తన్నిన పిమ్మట తీరికగా కదిలితే బంతి ఎదుటివారి పాలవుతుంది. ఆ రెంటి నడుమ ఉన్న అర క్షణాన్ని పట్టుకోవడం పుస్తకంలో చదివి నేర్చేది కాదు; ఏళ్ళ తరబడి ప్రతి సాయంకాలమూ ఆడితే కాలికి అబ్బే విద్య. మా వంటి ఇండ్లలో ఆడపిల్లలు ఆట మానే ఏళ్ళు, ఆ విద్య అబ్బే ఏళ్ళు ఒక్కటే కావడం మా దురదృష్టం. 14 మొదలు 20 వరకు అనుకోండి.

సౌమ్యకు ఆ ఏళ్ళు దక్కినవి. దేశపు బాలికల జట్లలో ఆడింది. ముంబయిలోని కెంక్రే క్లబ్బుకు, పిమ్మట కోజికోడ్‌లోని గోకులం కేరళ క్లబ్బుకు ఆడింది. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ క్లబ్బులో చేరినప్పుడు ఆమెకు 21 ఏళ్ళు. ఆ వయస్సులో మాకు హైదరాబాదు పరీక్షకు వెళ్ళిరావడమే ఒక యాత్ర. తిరిగి వచ్చిన పిమ్మట కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడింది. ఆ క్లబ్బు 2024-25 జాతీయ మహిళా లీగును గెలిచింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకొన్నది. ఆ జూన్‌లోనే థాయిలాండులోని చియాంగ్ మాయిలో మంగోలియాపై మన జట్టు 13 గోలులు చేయగా వానిలో రెండు సౌమ్యవి. జూలై 5న ఆతిథ్య దేశాన్నే 2-1తో ఓడించి మన మహిళలు 2026 ఆసియా కప్పుకు అర్హత పొందారు. అర్హత పోటీలు ఆడి గెలిచి ఆ చోటు సంపాదించడం మన జట్టుకు అదే ప్రథమం.

ముంబయి, కోజికోడ్, జాగ్రెబ్, కలకత్తా. ఈ వరుసలో తెలుగునాటి ఊరు ఒక్కటీ లేదని పాఠకులు గమనించే ఉంటారు.

విదేశాలలో ఈ సౌకర్యాలన్నీ మొదటినుంచీ ఉన్నవని మనలో చాలామంది నమ్మకం. జర్మనీ సంగతి చూడండి. స్త్రీ శరీరానికి ఈ ఆట హాని చేస్తుందంటూ ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య 1955లో తన క్లబ్బులలో మహిళల ఆటను నిషేధించింది. 1970లో గాని ఆ నిషేధం ఎత్తివేయలేదు. మహిళల జాతీయ జట్టు మొదటి పోటీ ఆడినది 1982లో. 1989లో ఆ జట్టు యూరపు విజేతగా నిలిచినప్పుడు సమాఖ్య వారు ఒక్కొక్క క్రీడాకారిణికి బహూకరించినది కాఫీ కప్పుల సెట్టు! మా అవ్వలు వింటే, అక్కడా మనవంటి వారే ఉన్నారని సంతోషిస్తారు. నిషేధం తొలగిన ఏడేళ్ళకు, 1977లో, బిర్గిట్ ప్రింజ్ పుట్టింది. ముందు వరుసలో ఆడి 2003, 2007 ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో ఉన్నది. 2003, 2004, 2005 వరుసగా మూడేళ్ళు ప్రపంచపు మేటి క్రీడాకారిణి అయినది. ఆమె ఇరవై అయిదేళ్ళు ముందు పుట్టి ఉంటే, ఆ కాళ్ళకు ఎంత బలమున్నా చిన్ననాట క్లబ్బు మైదానం దొరికేది కాదు.

మన దేశంలో నిషేధం లేదు, ఉపేక్ష ఉన్నది. 1980లో కోజికోడ్‌లో జరిగిన ఆసియా పోటీలలో మన మహిళలు రెండవ స్థానంలో నిలిచారు. 1983లో మరల రెండవ స్థానమే. తరువాత ఏళ్ళకు ఏళ్ళు గడిచినవి గాని, జాతీయ మహిళా లీగు మొదలైనది 2016-17లో. అప్పటికి సౌమ్యకు 15 ఏళ్ళు. ఆమె అదృష్టం అది. ఆమె అక్కల తరానికి ఆ పాటి అదృష్టం లేదు.

దుస్తుల మాట కూడ రాక తప్పదు, మా ఇండ్లలో మరీ. 2011లో జోర్డాన్‌లో ఒలింపిక్ అర్హత పోటీకి వచ్చిన ఇరాన్ మహిళలను తల కప్పుకొన్న కారణంగా ఆడనివ్వలేదు. 2014లో ఆ నియమాన్ని సవరించి అనుమతించారు. 2023 ప్రపంచ కప్పులో మొరాకో క్రీడాకారిణి నుహైలా బెంజీనా హిజాబుతోనే మైదానంలో దిగింది. కాబట్టి ఆ కారణం నియమావళిలో లేదు. ఇక మీదట ఎవరైనా చెప్పదలచుకొంటే దానిని తమ సొంత మాటగా చెప్పవలసినదే.

నేల బాగాలేదనే మాటా ఉన్నది. ఈ అనంతపురంలోనే, 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి క్రీడా గ్రామంలో, స్పెయిన్ లా లిగా తోడ్పాటుతో పల్లె బాలికలు ఫుట్‌బాల్ నేర్చుకొన్నారు. వారి ఊళ్ళలోనూ వాన మన ఊరిలో కురిసినంతే.

మా కళాశాల మైదానంలో గడ్డి లేదు, ఎర్రటి మొరము ఉన్నది. బంతి పడితే మోకాలి ఎత్తుకు గాక భుజం ఎత్తుకు లేస్తుంది. మనిషి పడితే మోచేయి చెక్కుకొనిపోతుంది. సాయంకాలం నాలుగు గంటల నుండి చీకటి పడేవరకు అది విద్యార్థులది. వరండా మాది. వారితో మాకు తగవు లేదు. వరండాలో నీడ బాగుంటుంది కూడ. మాలో ఇద్దరికి ఈ వేసవిలో నిశ్చితార్థాలు. తక్కిన వారం ఉద్యోగ పరీక్షల పుస్తకాలు కొనుక్కొన్నాము. మా కాళ్ళకు ఆ అర క్షణం ఇప్పుడు అబ్బదు.

కాని మొదటి సంవత్సరంలో పదహారు, పదునేడేళ్ళ చెల్లెళ్ళు ఉన్నారు. వారి నిమిత్తం పాలకవర్గం వారిని మేము కోరేది వారానికి మూడు సాయంకాలాలు, రెండు బంతులు, గీతలకు ఒక బస్తా సున్నం, ఒక నీళ్ళ డ్రమ్ము. తల్లిదండ్రులతో మాట్లాడడానికి అధ్యాపకురాలు ఒకరు మా వెంట వస్తే చాలు, ఇల్లిల్లూ తిరిగే పని మేమే చేస్తాము. ఆడదలచినవారు పేరు వ్రాయండని గత వారం ఒక కాగితం త్రిప్పినాము. 14 పేర్లు వచ్చినవి. అందరూ ముందు వరుసలోనే ఆడుతామంటున్నారు. గోలు కాపలాకు ఇంకా ఎవరూ ఒప్పుకొనలేదు.